రెండు ఈలలకు ఎడమ

శ్రీరాంపూర్,
30 అక్టోబరు 1966

చిరంజీవి కైలాసానికి అక్క ఆశీస్సులు.

నువ్వు జబ్బుతో అత్తగారి ఊరికి వెళ్లి నెల దాటింది. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. తీరిక లేక కాదు. నువ్వు బయలుదేరే రోజు నేనన్న మాట గుర్తొచ్చి కలం పట్టబుద్ధి కాలేదు. "ఆడపిల్లల కాళ్లకు చక్రాలు కట్టినవ్, దేవుడు నీకు మంచం చూపెట్టిండు" అన్నాను. కామెర్లతో కళ్లు పచ్చబడ్డ తమ్ముడితో ఏ అక్కా అనకూడని మాట అది. మనసులో పెట్టుకోకు.

ఇవాళ రాయడానికి కారణం నువ్వు చక్రాల బూట్ల ఆట నేర్పే బడిపిల్లలే. నిన్న నా కుట్టు క్లాసు అయ్యాక ఏడుగురూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గట్టయ్య కూతురు సమ్మవ్వ ముందుంది. పన్నెండేళ్లకే దానికి పెద్దరికం వచ్చేసింది.

"టీచరమ్మా, కైలాసం సారు జనవరిల గని రాడంట. అప్పటిదాంక ముందుకు పోవుడు, ఆగుడు, గంతేనా? తిరుగుడు ఎవ్వలు నేర్పుతరు?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

"సారుకు జాబు రాయుండ్రి. ఆయన రాసి పంపుతడు. మీరు చదువుండ్రి. మేం తిరుగుతం."

నవ్వొచ్చింది. కానీ సాయంత్రం హెడ్మాస్టరు అంతయ్య సారు చెప్పింది విన్నాక నవ్వు పోయింది. జనవరి ఇరవై ఆరున బడి కమిటీ వాళ్లు వచ్చి పిల్లల ఆట చూస్తారట. అది చూశాకే డ్రిల్లు మాష్టారు ఉద్యోగం పర్మనెంటు చేయాలా, తీసేయాలా అన్నది తేలుస్తారట. అంటే నీ ఇద్దరు పిల్లల అన్నం ఈ ఏడుగురు పిల్లల కాళ్ల మీద ఉంది.

అందుకే రాస్తున్నాను. ఎట్లా నేర్పాలో విడమరిచి రాయి. చక్రాల బూటు నా కాలికి ఎన్నడూ తగలలేదు. మెట్రిక్ దాకా చదివిన పుణ్యానికి చదివి వినిపించగలను, గోడ పక్కన నిలబడి చూడగలను. నూనె ముట్టకు. నేల ఉసిరి పసరు తొమ్మిది రోజులూ తాగావా? మరదలు కమలకు నా దీవెనలు.

నీ అక్క,
సక్కుబాయి


చొప్పదండి,
7 నవంబరు 1966

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం కవరు చూసి కమల హడలిపోయింది. "మీ అక్క జాబు రాసిందంటే ఎవలికో ఏదో అయింది" అంది. చదివి వినిపించాక ఇద్దరం నవ్వుకున్నాం. పసరు తాగాను. నోరు ఇంకా చేదుగానే ఉంది. ఆ మాట నేనెప్పుడో మరిచాను.

ఇక పాఠం. నేను సికిందరాబాదులో రెండేళ్లు దొరల పిల్లలకు బూట్ల పట్టీలు కట్టిన చోట నేర్చుకున్నదే రాస్తున్నాను. ఇంతకంటే ఎక్కువ నాకూ తెలియదు.

మొదట రెండు కాళ్ల మీద మలుపు. పిల్ల ముందుకు జారుతూ ఉండాలి. మోకాళ్లు కుర్చీలో కూర్చోబోయి ఆగినట్టు వంగాలి. చేతులు నడుము ఎత్తున పక్కలకు చాపాలి. కళ్లు పాదాల మీద కాదు, ఎదుటి గోడ మీద. తిరగాల్సిన వైపుకు ముందు భుజాలు తిరగాలి. పాదాలు ఆఖరున వస్తాయి. మన బాపు మగ్గం మీద నాడె విసరడం నువ్వు చిన్నప్పుడు చూశావు కదా. చెయ్యి కదిలిందని మనం అనుకునేవాళ్లం, నిజానికి ముందు కదిలేది భుజం. ఇదీ అంతే. తిరిగే క్షణంలో మోకాళ్లు కొద్దిగా లేవాలి, అప్పుడు బరువు తేలికై చక్రాలు తిరుగుతాయి. తిరిగి వెనక్కి జారడం మొదలవగానే మోకాళ్లు మళ్లీ వంగాలి, భుజాలను అక్కడే ఆపాలి. ఆపకపోతే ఒళ్లు బొంగరమవుతుంది.

ఇంకొకటి పెద్దక్షరాలతో రాసుకో. మొదలుపెట్టిన మలుపు పూర్తి చేయాలి. సగంలో మనసు మార్చుకుంటే పైభాగం ఒక దిక్కు, కాళ్లు ఒక దిక్కు పోతాయి. ఎముకలు విరిగేది అప్పుడే.

మనం ఆట నేర్పే హాలు నడుమ ఇనుప స్తంభం ఉంది కదా, దాని చుట్టూ పెద్ద గుండ్రం గీసి దాని మీద పొమ్మను. నేను నేర్పినట్టే స్తంభం ఎడమ చేతివైపు ఉండాలి. అది వచ్చాక రెండో దిక్కు.

కోప్పడకుండా నేర్పేవాళ్లు కావాలి వాళ్లకు. ఆ సంగతిలో నీకంటే నేనే తక్కువ.

తమ్ముడు,
కైలాసం


శ్రీరాంపూర్,
19 నవంబరు 1966

చిరంజీవి కైలాసానికి ఆశీస్సులు.

నీ పాఠం అందింది. నా వల్ల ఒక పొరపాటు జరిగింది, విని నవ్వుకో.

బళ్లో సుద్దముక్కలు అయిపోయాయి. గుండ్రం గీయమన్నావు కదా అని పొద్దున్నే హాలు ఊడ్పించి ముగ్గుపిండితో వేశాను. వేసేటప్పుడు చేయి ఊరుకోలేదు, నాలుగు పక్కలా నాలుగు పద్మాలు కూడా వేశాను. పిల్లలు చూసి మురిసిపోయారు. సమ్మవ్వ ముందు బయలుదేరింది. రెండు బారలు కూడా పోలేదు, చక్రాల కింద పిండి పడి కాళ్లు పైకి, తల కిందికి. వెనక వచ్చిన ఆరుగురూ దాని మీద. లేచేసరికి ఒక్కరి మొహం గుర్తుపట్టలేకపోయాను. హాలు కావలి హనుమండ్లు గడపలో కూర్చుని కడుపు పట్టుకున్నాడు. "టీచరమ్మా, గిది దేవునికేసిన ముగ్గా, పోరగాండ్లను పడగొట్ట ఏసిన ముగ్గా?" అన్నాడు. దెబ్బలేమీ తగల్లేదు. నేల కడిగించి బొగ్గుతో గీయించాను. బొగ్గుకు ఇక్కడ కరువా.

రెండు కాళ్ల మలుపు నలుగురికి వచ్చింది. "భుజం, భుజం" అని నేను అంటుంటే వాళ్లకు ఆటగా ఉంది, నన్ను 'భుజం టీచరమ్మ' అంటున్నారట.

ఒక సంగతి అడగాలి. దసరాకు హనుమండ్లు ఆ ఇనుప స్తంభానికి సిందూరం పూసి కొండగట్టు అంజన్న పటం కట్టాడు. నువ్వు లేనప్పుడు జరిగింది ఇది. ఇప్పుడు రోజూ దీపం పెడుతున్నాడు. స్తంభం ఎడమవైపు పెట్టుకుని తిరగడమంటే దేవుడి చుట్టూ అప్రదక్షిణం చేసినట్టే కదా. పిల్లలు అట్లా తిరుగుతుంటే చూడలేక నేను గోడవైపు తిరిగి నిలబడుతున్నాను. అప్పుడు నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుందో లేదో. మీ బావ చితి చుట్టూ మా మరిది కుండ భుజాన పెట్టుకుని ఎడమకు తిరిగాడు. ఆ తిరుగుడు నేను మళ్లీ ఎక్కడా చూడదలచుకోలేదు. ఒక్క కుడివైపుకే నేర్పితే సరిపోదా?

నీ అక్క,
సక్కుబాయి


చొప్పదండి,
26 నవంబరు 1966

అక్కకు నమస్కారాలు.

చక్రాల కింద ముగ్గుపిండా! కమలకు చదివి వినిపిస్తే పాలగిన్నె పొంగబెట్టింది. బూట్ల చక్రాల్లో పిండి ఇరుక్కుని ఉంటుంది, గుడ్డతో తుడిపించి ఒక్కొక్క బొట్టు నూనె వేయించు.

నీ రెండో మాటకు నవ్వలేదు. బావ పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. అయినా అక్కా, ఒక దిక్కే నేర్పితే సరిపోదు. ఒక దిక్కే నేర్చిన పిల్లకు రెండో దిక్కున కాళ్లే ఉండవు. ఎదురుగా ఎవరో వచ్చారు, పక్కకు తిరగాలి, అప్పుడేం చేస్తుంది? ప్రతి మలుపూ కుడికి పది సార్లయితే ఎడమకు పది సార్లు. ఇది ఆట నియమం, నేను పెట్టింది కాదు. హనుమండ్లుకు చెప్పి పటం గోడకు మార్పించు, స్తంభం కడిగించు. దేవుడికి గోడ మీద ఇంకా బాగుంటుంది. లంకకు పోయేటప్పుడు ఆయన ఏ దిక్కుకు తిరిగి దూకిండో ఎవరైనా చూసిండ్రా?

ఇక అసలు మలుపు, ఒంటికాలి మీద. నేల మీద మూడు అంకె పెద్దగా గీయించు. మొదటి వంపు మీదుగా పిల్ల ఒంటికాలి మీద ముందుకు వస్తుంది. నడుమ మొన దగ్గరకు వచ్చేసరికి భుజాలు తిరిగి సిద్ధంగా ఉండాలి. మొన మీద బరువు పాదం ముందు భాగానికి తెచ్చి తిరుగుతుంది. రెండో వంపు మీదుగా అదే కాలి మీద వెనక్కి పోతుంది. ఎత్తిన కాలు దగ్గరగా ఉండాలి, ఊగకూడదు. ముందు బూట్లు లేకుండా వట్టి కాళ్లతో నడిపించు. సమ్మవ్వకు త్వరగా వస్తుంది, దాని వీపు నిటారుగా ఉంటుంది. దాన్ని చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు.

నాకు ఆకలి వేస్తోంది. మంచి గుర్తే అంటున్నారు.

తమ్ముడు,
కైలాసం


శ్రీరాంపూర్,
14 డిసెంబరు 1966

చిరంజీవి కైలాసానికి ఆశీస్సులు.

ఆకలి వేస్తోందని రాశావు, ఆ శనివారం అంజన్నకు ఆకుపూజ చేయించాను.

పిల్లలు బాగా తిరుగుతున్నారు. మూడు అంకె మలుపు ఐదుగురికి వచ్చింది. మిగతా ఇద్దరూ మొన దగ్గర ఆగి నా మొహం చూస్తారు. నువ్వు రాసినట్టే అన్నీ చేయిస్తున్నాను, ఫికర్ పెట్టుకోకు.

మొన్న గట్టయ్య బొగ్గుబాయి నుంచి నేరుగా హాలుకు వచ్చాడు. మొహం నిండా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. కూతురు ఒంటికాలి మీద వెనక్కి పోతుంటే గోడకు ఆనుకుని చూశాడు. ఆఖరికి "టీచరమ్మా, గీ చక్రాలతోని ఏం నౌకరి దొరుకుతది?" అన్నాడు. పిల్ల కోసం వచ్చి ఉన్న భార్య ఐలవ్వ అందుకుంది. "ఏం నౌకరి దొరుకకున్నా మంచిదే. నీ లెక్క నేల కిందికి పోక నేల మీద తిరుగుతుంది గద, నా బిడ్డ!" గట్టయ్య నవ్వాడు. పళ్లు కూడా తెల్లగా.

చలి ఎక్కువైంది. తలకు గుడ్డ కట్టుకో.

నీ అక్క,
సక్కుబాయి


చొప్పదండి,
3 జనవరి 1967

అక్కకు నమస్కారాలు.

కళ్లు తెల్లబడ్డాయి. వైద్యుడు ప్రయాణం చేయవచ్చన్నాడు. ఇరవై నాలుగున బయలుదేరి ఇరవై ఐదుకు చేరతాను, ఒక పూట అందరితో కలిపి చేయించి చూసుకుంటాను.

ఆట వరస ఇది. ఏడుగురూ స్తంభం చుట్టూ మూడు సార్లు తిరుగుతారు. ఒక్క ఈల ఊదితే అందరూ కుడికి మూడు అంకె మలుపు. రెండు ఈలలు ఊదితే అందరూ ఎడమకు మూడు అంకె మలుపు. ఈలను బట్టి ఏడుగురూ ఒక్కసారి అటూ ఇటూ తిరుగుతుంటే చూసేవాళ్లకు తోట కదిలినట్టుంటుంది. మాట మరిచిపోకుండా గోడ మీద రాయించు: ఒక ఈలకు కుడి, రెండు ఈలలకు ఎడమ.

రెండు దిక్కులా వస్తోంది కదా? ఎడమ మలుపు సంగతి నువ్వు విడిగా రాయలేదు, అందుకే అడుగుతున్నాను.

తమ్ముడు,
కైలాసం


శ్రీరాంపూర్,
11 జనవరి 1967

చిరంజీవి కైలాసానికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. అంతా నువ్వు రాసినట్టే వస్తోంది. దిగులు లేకుండా రా. కార్డు మీద చోటు లేదు.

సక్కుబాయి


చొప్పదండి,
4 ఫిబ్రవరి 1967

అక్కకు నమస్కారాలు.

మళ్లీ అత్తగారింటికి చేరాను. విచారణ అయ్యేదాకా బడికి రావద్దని అంతయ్య సారు మంచి మాటలతోనే చెప్పాడు. ఆ రోజు మనిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వు సమ్మవ్వ దగ్గర ఆసుపత్రిలో ఉన్నావు, నాకు అక్కడికి వచ్చే మొహం లేకపోయింది.

పది రోజులుగా అదే చూస్తున్నాను. పెద్దపల్లిలో రైలు నిలిచిపోయి నేను ఇరవై ఆరు పొద్దున గాని చేరలేదు. ఒక్కసారి కూడా చేయించి చూడకుండానే ఈల పట్టుకున్నాను. ఒక ఈల ఊదాను, ఏడుగురూ కుడికి తిరిగారు. ఎంత అందంగా తిరిగారు! కమిటీ వాళ్లు చప్పట్లు కొట్టారు. రెండు ఈలలు ఊదాను. ఆరుగురు మళ్లీ కుడికే తిరిగారు. సమ్మవ్వ ఒక్కతే ఎడమకు భుజం తిప్పింది. తిప్పి, సగంలో వెనక్కి గుంజుకుంది. ఎదురుగా వస్తున్న పిల్ల దానికి తగిలింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది.

"మాష్టరుకు జర బాగుకాలే, ఈల ఊదుడు సుత మరిచిండు" అని కమిటీ పెద్దమనిషి ఒకాయన అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు అదే నిజమేమో అనిపిస్తోంది. ఆరుగురు పిల్లలు ఒక్కలా తప్పు చేస్తారా? జబ్బు తగ్గీ తగ్గకుండానే రాసిన ఉత్తరం అది. రెండు ఈలలకు కుడి అని రాశానేమో. ఎడమ అని రాసినట్టు గుర్తుంది, కానీ ఆ జబ్బు నెలల్లో నాకు కల ఏదో నిజం ఏదో తెలిసేది కాదు. నువ్వేమో అంతా నేను రాసినట్టే వస్తోందని రాశావు. నువ్వు ఏనాడూ అబద్ధమాడి ఎరగవు. అంటే తప్పు నా దగ్గరే ఉండాలి.

జనవరిలో రాసిన ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటుంది. తీసి చూసి, ఏమని రాశానో ఒక్క ముక్క చెప్పు. విచారణలో ఏం చెప్పాలో దాన్ని బట్టి ఉంటుంది.

తమ్ముడు,
కైలాసం


శ్రీరాంపూర్,
15 ఫిబ్రవరి 1967

చిరంజీవి కైలాసానికి ఆశీస్సులు.

సమ్మవ్వకు మోకాలి కింద ఎముక విరిగింది. పట్టీ వేశారు, రెండు నెలలకు విప్పుతారట. నడక వస్తుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. రోజూ వెళ్లి చూసి వస్తున్నాను. బత్తాయిలు ఒలిచి పెడితే తింటుంది గాని మాట్లాడదు.

నువ్వు అడిగిన ఉత్తరం వెతికాను. సున్నాలు వేసినప్పుడు సామాను అటూ ఇటూ అయింది, కనబడలేదు. దొరికితే రాస్తాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఉప్పు తగ్గించి తిను.

సక్కుబాయి


చొప్పదండి,
24 మార్చి 1967

అక్కకు నమస్కారాలు.

విచారణ కాగితం వచ్చింది. ఉత్తరం దొరకలేదన్నావు కాబట్టి నాకు తోచింది రాసిచ్చాను. ఈల గుర్తులు పిల్లలకు తారుమారుగా చెప్పాను, జబ్బు పూర్తిగా తగ్గకుండా వచ్చాను, తప్పు నాది అని. నిన్న ఉద్యోగం తీసేసినట్టు కాగితం అందింది. పక్కింటి నేత సాంచెల మీద పని అడిగాను, సోమవారం నుంచి రమ్మన్నారు. మన కులపోళ్ల పనే కదా, చేతులకు గుర్తుకొస్తుంది.

ఇక పిల్లలకు ఏదీ నేర్పను. నా ఈల కుంపట్లో వేశాను.

చైత్ర పౌర్ణమికి కొండగట్టు వెళ్లి తల నీలాలు ఇచ్చి, పిల్ల కాలు విరగ్గొట్టిన పాపానికి తప్పు దండం పెట్టుకుని వస్తాను. సమ్మవ్వతో చెప్పు, సారు మొక్కు తీరుస్తున్నాడని. దానికి ఎట్లా ఉంది?

తమ్ముడు,
కైలాసం


శ్రీరాంపూర్,
12 ఏప్రిల్ 1967

చిరంజీవి కైలాసానికి,

ఆశీస్సులు రాయడానికి చేయి రావడం లేదు. చదివాక నీకు ఇష్టమైతే ఉన్నాయనుకో.

నీ ఉత్తరం పోలేదు. నా పూజ పెట్టెలో అడుగున ఉంది. ఫిబ్రవరిలో నీకు 'కనబడలేదు' అని రాసిన రోజు కూడా అది నా ఒళ్లోనే ఉంది. అందులో నువ్వు సరిగ్గానే రాశావు. ఒక ఈలకు కుడి, రెండు ఈలలకు ఎడమ. నీ జ్ఞాపకం తప్పలేదు, నీ జబ్బు తప్పూ కాదు. పిల్లలకు నేను ఎడమ మలుపు నేర్పనే లేదు.

నవంబరులో నీ జవాబు చదివి, ఎడమ అని ఉన్న చోట్లు వదిలేసి మిగతాది పిల్లలకు చదివి వినిపించాను. స్తంభం కుడిచేతికి వచ్చేట్టు వాళ్లను మళ్లించాను. గోడ మీద కూడా ఏమీ రాయించలేదు. ఈల వినిపిస్తే కుడికి తిరగాలని మాత్రం చెప్పాను, ఒకటైనా రెండైనా. నువ్వు ఇరవై ఐదుకే వస్తావు, అప్పుడు చెప్పి ఆ ఎడమ భాగం ఆట నుంచి తీయించవచ్చు అనుకున్నాను. రైలు ఆగింది. ఇరవై ఆరు పొద్దున నువ్వు బండి దిగి పరుగున వస్తుంటే, చెప్పడానికి నాకు పావుగంట సమయముంది. నీ మొహంలో సంతోషం చూసి నోరు రాలేదు. నువ్వు ఒక్క ఈలతోనే సరిపెడతావేమో అని ఆశపడ్డాను.

పటం గోడకు మార్పించమన్నావు. హనుమండ్లును నేను అడగనే లేదు. అడిగితే సరే అనేవాడేమో అన్న భయంతోనే అడగలేదనుకుంటాను.

ఇంతవరకు చెప్పింది హెడ్మాస్టరు గారికి కూడా చెప్పాను. ఇక రాసేది నీకు ఒక్కడికే.

డిసెంబరులో ఒక సాయంత్రం కుట్టు సామాను మరిచిపోయి హాలుకు వెళ్లాను. సమ్మవ్వ ఒక్కతే ఉంది. స్తంభం ఎడమకు పెట్టుకుని ఒంటికాలి మీద వచ్చి, మొన దగ్గర తిరిగి, వెనక్కి జారింది. కుడికంటే ఎడమకే బాగా తిరుగుతోంది. ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవ్వలు లేరు టీచరమ్మా. సారు ముందుగాల గిట్లనే తిప్పిండు గద. తిరుగుడు గూడ గిట్లనే ఉంటదని నేనే నేర్చుకున్న. రెండు దిక్కులా రావాలె గద?"

కోప్పడి ఉంటే బాగుండేది. ఒక దెబ్బ వేసినా బాగుండేది, పిల్లలు దెబ్బ మరిచిపోయి మళ్లీ వాళ్లు చేసేదే చేస్తారు. నేను మెల్లగా మాట్లాడాను. ఎడమకు తిరిగేది పీనుగు చుట్టూనే బిడ్డా అన్నాను. అంజన్న చూస్తున్నాడన్నాను. దాని చేయి పట్టుకుని స్తంభం మీది సిందూరం మీద పెట్టించి, ఇక ఎడమకు తిరగను అని ఒట్టు వేయించాను. దాని వేళ్లకు అంటిన సిందూరం నా కొంగుతోనే తుడిచాను. ఆ రాత్రి సుఖంగా నిద్ర కూడా పోయాను.

ఇప్పుడు తెలిసింది కదా, రెండు ఈలలకు అది ఎందుకు తిరిగిందో, ఎందుకు సగంలో గుంజుకుందో.

నీ మార్చి ఉత్తరం వచ్చాక రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు ఐలవ్వ వచ్చింది. "టీచరమ్మా, కాలుకు పట్టీ ఇప్పిండ్రు. పిల్ల మాత్రం మంచం దిగుతలేదు. దేవునికి నా మీద కోపమొచ్చింది, మల్ల నడిస్తె మల్ల ఇరుగ్గొడుతడు అంటది. ఏం దేవుడో, ఎందుకు కోపమో అడిగితె చెప్పది. మీ మాట ఇంటది, జర వచ్చి చెప్పుండ్రి" అంది. నా మాట వింటుందట. నా మాట విన్నందుకే మంచంలో ఉంది ఆ పిల్ల.

నువ్వేమో నీ పాపమని తల నీలాలు ఇస్తానంటున్నావు. అదేమో తన పాపమని కాలు కింద పెట్టదు. ఇద్దరూ ఒక్క దేవుడికే జడుస్తున్నారు. ఆ దేవుడి పేరు చెప్పి జడిపించిన దాన్ని నేను మధ్యలో దీపం పెట్టుకుని కూర్చున్నాను.

వెంటనే ఐలవ్వతో వెళ్లాను. గట్టయ్య పిల్లను ఎత్తుకుని హాలుకు తెచ్చాడు. వాళ్లిద్దర్నీ బయట ఉండమన్నాను. సమ్మవ్వ గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుంది, స్తంభం వైపు చూడటం లేదు.

"సమ్మీ, ఆ ఒట్టు అంజన్న అడగలేదే. నేను అడిగాను. నా భయం ఆయన పేరు మీద పెట్టాను" అన్నాను.

"మీరు అబద్ధం చెప్పరు టీచరమ్మా."

"చెప్పాను. మీ సారుకు చెప్పాను, మీకు చెప్పాను."

నమ్మలేదు. నన్ను కాపాడటానికి చెబుతున్నాననుకుంది. మాటలతో కట్టిన ముడి మాటలతో విడిపోదని అప్పుడు అర్థమైంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. స్తంభాన్ని ఎడమ చేతివైపు పెట్టుకుని నడిచాను.

"వద్దు! వద్దు టీచరమ్మా, మీకు గూడ ఇరుగుతది!" అని అరిచి ఏడ్చింది. నాకు కూడా భయమేసింది కైలాసం, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి. ప్రతి అడుగుకూ మీ బావ చితి కనిపించింది. అయినా మూడు చుట్లు తిరిగాను. తర్వాత నేల మీద మిగిలి ఉన్న మూడు అంకె మీదికి వచ్చి, మొన దగ్గర ఎడమకు తిరిగాను. యాభై ఏళ్ల దాన్ని, చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. తూలి స్తంభాన్ని పట్టుకున్నాను.

పిల్ల ఏడుపు ఆపింది. నా కాళ్ల వైపు చూసి, "మీరు పాదం ముందుగాల తిప్పిండ్రు" అంది.

"ఇంకేం తిప్పాలి?"

"భుజం."

మళ్లీ తిరిగాను.

దానికి పూర్తిగా నమ్మకం రాలేదు. "ఇయ్యాల కాకుంటే రేపు ఇరుగుతదేమో" అంది. అయితే రేపు వచ్చి చూసుకో అన్నాను. మరునాడు ఐలవ్వ చేయి పట్టుకుని కుంటుకుంటూ మా ఇంటికి వచ్చింది. నన్ను కూర్చోమని, నా మోకాలి కింద ఎముకను రెండు చేతులతో నొక్కి చూసింది. లేచి వెళ్లింది. అప్పటి నుంచి రోజూ వస్తోంది. తల్లి చేయి వదిలి కర్ర పట్టుకుంది, ఇవాళ కర్ర కూడా మా గుమ్మం బయటే మరిచిపోయి వెళ్లింది. ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇంకా నొక్కి చూస్తూనే ఉంది.

నీ జనవరి ఉత్తరం, నేను నీకు రాసిన అబద్ధపు కార్డు సంగతీ అన్నీ అంతయ్య సారు ముందు పెట్టాను. ఆయన తల పట్టుకున్నాడు. "అమ్మా, గిది కమిటీ ముందట పెడితె మీ నౌకరి పోతది" అన్నాడు. పోవాల్సింది నాదే, తమ్ముడిది కాదన్నాను. పద్దెనిమిదిన కమిటీ కూర్చుంటుంది. నీ ఉద్యోగం తిరిగి ఇస్తారో లేదో ఆయన చెప్పలేనన్నాడు, నేనూ చెప్పలేను. నీకు తెలిసిన అక్క అయితే 'అంతా మంచే జరుగుతుంది' అని రాసేది. ఆ మాట ఇక రాయను.

కొండగట్టుకు వెళ్తే వెళ్లు, దర్శనం చేసుకో. తల నీలాలు మాత్రం ఇవ్వకు. నీది కాని తప్పుకు దండం పెడితే అది నా మీద ఇంకొకటి అవుతుంది. నన్ను క్షమించమని అడగను. నువ్వు వెంటనే క్షమిస్తావని తెలుసు, అందుకే అడగను.

ఒక్కటే అడుగుతున్నాను. నా అబద్ధాలు నువ్వు ఎవరికి చెప్పుకున్నా సరే, కమలకు చెప్పు, మీ మామకు చెప్పు, ఊరంతా చెప్పు. కానీ ఒట్టు సంగతి ఉన్న ఈ పుటలు ఎవరికీ చూపకు. ఒట్టు వేసి తప్పానని మా అవ్వకు, బాపుకు తెలియనీయకుండ్రి అని ఆ పిల్ల నన్ను అడిగింది. కమిటీ ముందు కూడా నేను ఆ మాట ఎత్తను. చించేయకు. దాచిపెట్టు. పెద్దదయ్యాక ఎప్పుడైనా ఆ కాలు నొప్పి పెట్టి, తన తప్పేనేమో అని దానికి మళ్లీ అనుమానం వస్తే, అప్పటికి నేను లేకపోతే, దాని చేతికి ఇవ్వడానికి ఉండాలి.

సక్కుబాయి